ఒకే గాజుపలక మీద దీపమూ సౌరఘటమూ: పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలతో రెండు పనుల పరికరాన్ని తయారుచేసే విధానం

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల సామర్థ్యం గల యంత్రాలు ఆరు ఉన్నాయి. జలాశయం నుంచి నీరు దిగుతున్నప్పుడు అవి విద్యుత్తును పుట్టిస్తాయి. అదే యంత్రానికి బయటి నుంచి విద్యుత్తు ఇచ్చి వెనక్కి తిప్పితే, దిగిన నీటిని మళ్లీ పైకి ఎత్తిపోస్తుంది. పెరోవ్‌స్కైట్ అనే ప్రత్యేక అమరిక గల పదార్థపు నానోస్ఫటికాల పొర కూడా సరిగ్గా ఇటువంటి యంత్రమే. ఎండ పడినప్పుడు అది విద్యుత్తును ఇస్తుంది, విద్యుత్తును లోపలికి పంపినప్పుడు వెలుగును ఇస్తుంది. ఈ రెండు పనులూ చేసే పరికరాన్ని ప్రయోగశాలలో మొదటి నుంచి చివరి వరకు ఎలా తయారుచేయాలో, ఏ దశలో ఏది చూసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది ఎం.ఎస్సీ. ప్రాజెక్టు విద్యార్థులకు, పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టినవారికి ఉద్దేశించినది. ఇందులో సీసం సమ్మేళనాలు, మండే ద్రావణులు, 180 డిగ్రీలు దాటే నూనెలు ఉన్నాయి కనుక ఇంట్లో చేసే పని ఎంతమాత్రం కాదు.

ఒక్క సూత్రాన్ని ముందే చెబుతాను, ఎందుకంటే తర్వాత చెప్పే ప్రతి మెళకువా దాని నుంచే వస్తుంది. కరెంటును కొలవడానికి ముందు వెలుగును కొలవండి. స్ఫటికాల ద్రావణం నుంచి పూర్తయిన పరికరం దాకా ప్రతి మజిలీలో, పీల్చుకున్న కాంతికణాలలో ఎన్ని తిరిగి కాంతికణాలుగా బయటికి వస్తున్నాయో లెక్క రాసి పెట్టుకోండి. ప్రయోగశాలల్లో దీనిని పీఎల్‌క్యూవై అంటారు. ఇక్కడ వెలుగు రాబడి అని పిలుస్తాను. సౌరఘటం మాత్రమే చేస్తున్నవారు దీనిని దీపాల వాళ్ల గొడవగా భావించి వదిలేయడం నేను తరచుగా చూశాను. అది పొరపాటు, కారణం ఇది.

వెలుగే వోల్టేజీ

ఏ పదార్థమైనా కాంతిని పీల్చుకోగలిగితే అదే శక్తి దగ్గర కాంతిని విడుదల చేయకుండా ఉండలేదు. 1961లో షాక్లీ, క్వైసర్ సౌరఘటాల గరిష్ఠ సామర్థ్యాన్ని లెక్కగట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నది ఈ నియమాన్నే. ఎండలో పుట్టిన ఎలక్ట్రాన్లు, రంధ్రాలు (ఎలక్ట్రాన్లు ఖాళీ చేసిన చోట్లు) బయటి తీగలోకి పోయే దారి మూసి ఉన్నప్పుడు, అంటే ఘటాన్ని దేనికీ కలపనప్పుడు, అవి ఎక్కడో ఒకచోట కలిసి అంతరించక తప్పదు. ఆ కలయిక కాంతిగా మారితే అది ప్రకృతి వసూలు చేసే కనీసపు పన్ను. లోపాల దగ్గర వేడిగా మారితే అది మనం చేజార్చుకున్న వోల్టేజీ. గది ఉష్ణోగ్రత దగ్గర లెక్క తేలికగా గుర్తుంటుంది: బయటికి వచ్చే వెలుగు పది రెట్లు తగ్గిన ప్రతిసారీ సౌరఘటపు వోల్టేజీ దాదాపు 60 మిల్లీవోల్టులు పడిపోతుంది. పదివేలలో ఒక్క జంట మాత్రమే కాంతినిస్తే నాలుగు అరవైలు, అంటే 240 మిల్లీవోల్టులు పోయినట్టే. మంచి సౌరఘటం కావాలంటే అది మంచి దీపం కూడా కావాలని 2012లో ఓవెన్ మిల్లర్, ఎలి యాబ్లనోవిచ్, సారా కర్ట్జ్ గట్టిగా వాదించారు. మన పరికరంలో ఆ వాదన కాగితం మీది లెక్కగా మిగిలిపోదు, కంటికి ఎర్రగా కనిపిస్తుంది.

అయితే ఒకే పొరతో రెండు పనులూ చేయించడంలో నిజమైన పీటముడి ఒకటి ఉంది. దీపానికి 30–50 నానోమీటర్ల పలుచని పొర బాగుంటుంది. ఎలక్ట్రాన్లను, రంధ్రాలను ఇరుకు చోట నిలబెట్టి కలపాలి కదా. ఎండను పట్టడానికేమో కొన్ని వందల నానోమీటర్ల మందం కావాలి. అలాగే స్ఫటికం ఉపరితలాన్ని కప్పే పొడవైన సేంద్రియ అణువులు, అంటే లిగాండ్లు, లోపాలను మూసి వెలుగును పెంచుతాయి. కాని అవే ఒక స్ఫటికం నుంచి పక్క స్ఫటికానికి విద్యుదావేశం దాటకుండా గోడలా అడ్డుపడతాయి. ఈ రెండు పీటముళ్లను ఎంతవరకు విప్పగలమన్నదే ఈ పని మొత్తం.

ఏ స్ఫటికాన్ని ఎంచుకోవాలి

పెరోవ్‌స్కైట్ అనే పేరు మొదట 1839లో ఉరల్ పర్వతాల్లో గుస్తావ్ రోజ్ గుర్తించిన కాల్షియం టైటనేట్ ఖనిజానిది. రష్యాకు చెందిన లెవ్ పెరోవ్‌స్కీ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. అదే అమరిక గల లెడ్ హాలైడ్లను 2009లో జపాన్‌లోని యొకొహామాలో త్సుతోము మియసక బృందం సౌరఘటంలో వాడి 3.8% సామర్థ్యం రాబట్టింది. 2015లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మక్సిం కొవలెంకొ బృందం సీజియం లెడ్ హాలైడ్లను 4 నుంచి 15 నానోమీటర్ల ఘనాకార స్ఫటికాలుగా వేడినూనెలో పెంచే పద్ధతిని ప్రకటించింది. అక్కడి నుంచి ఈ రంగం పరుగు మొదలుపెట్టింది.

వాటిలో క్లోరైడ్ నీలం వైపు, బ్రోమైడ్ ఆకుపచ్చగా, అయొడైడ్ ఎర్రగా వెలుగుతాయి. ఆకుపచ్చ బ్రోమైడ్ చూడటానికి కన్నులపండువుగా ఉంటుంది, తయారీలో కూడా సులువుగా చెడిపోదు. కాని దాని శక్తి అంతరం, అంటే కాంతిని పీల్చుకోవడానికి కావలసిన కనీస శక్తి, దాదాపు 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక ఎండలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. రెండు పనులూ కావాలంటే 1.75 ఎలక్ట్రాన్ వోల్టుల పరిసరాల్లో ఉండే సీజియం లెడ్ అయొడైడే సరైన ఎంపిక. దీని చిక్కు మరోటి. పెద్ద స్ఫటికంగా ఉన్నప్పుడు, మనకు పనికివచ్చే దీని నల్లని రూపం 300 డిగ్రీలకు పైన మాత్రమే నిలకడగా ఉంటుంది. చల్లారగానే కాంతికీ విద్యుత్తుకూ పనికిరాని పసుపుపచ్చ రూపంలోకి జారిపోతుంది. నానో పరిమాణంలో ఉపరితలపు శక్తి వల్ల నల్లని రూపమే గది ఉష్ణోగ్రతలోనూ నిలుస్తుంది.

ఈ సంగతిని సౌరఘటంగా మలిచినది 2016లో అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో జోసెఫ్ లూథర్ బృందం. ఆ పత్రంలో మొదటి రచయిత, పుణె ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లో పరిశోధన చేస్తూ అక్కడికి వెళ్లిన అభిషేక్ స్వర్ణకర్. వారి ఘటం 1.23 వోల్టులు, 10.77% సామర్థ్యం ఇచ్చింది. అవే పరికరాలు తక్కువ వోల్టేజీకే ఎర్రగా వెలిగాయి. ఇక్కడ నేను చెప్పే విధానానికి వెన్నెముక ఆ పనే. ఆ తర్వాత 2017లో అదే బృందం ఉపరితల చికిత్సతో 13.43%కు చేరింది, 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఫార్మమిడీనియం అనే సేంద్రియ అయాన్ కలిపిన స్ఫటికాలతో 16.6% వచ్చింది. మొదటిసారి చేసేవారు మాత్రం శుద్ధ సీజియంతోనే మొదలుపెట్టడం మంచిది.

స్ఫటికాలను పెంచడం

ముందు సీజియం ఓలియేట్‌ను సిద్ధం చేసుకోవాలి. మూడు మెడల ఫ్లాస్కులో 0.407 గ్రాముల సీజియం కార్బొనేట్, 20 మి.లీ. ఆక్టడెసీన్, 1.25 మి.లీ. ఓలియిక్ ఆమ్లం వేసి, 120 డిగ్రీల దగ్గర శూన్యంలో అరగంటకు తక్కువ కాకుండా ఉంచాలి. శూన్యం పెట్టేటప్పుడు కవాటాన్ని మెల్లగా తెరవాలి; నూనెలో దాగిన తేమ ఒక్కసారిగా ఆవిరై పొంగితే ద్రవం పంపులోకి పోతుంది. తర్వాత నైట్రోజన్ నింపి, పొడి అంతా కరిగి ద్రవం తేటపడే వరకు వేడి చేయాలి. చల్లారితే ఇది గడ్డకడుతుంది కాబట్టి వాడే ముందు 100 డిగ్రీల వరకు మళ్లీ వేడి చేసుకోవాలి. ఈ చిన్న విషయం మరచిపోయి సిరంజి సూదిలోనే గడ్డకట్టించుకున్నవారు చాలామంది.

రెండో ఫ్లాస్కులో 0.5 గ్రాముల లెడ్ అయొడైడ్, 25 మి.లీ. ఆక్టడెసీన్ తీసుకుని 120 డిగ్రీల దగ్గర గంటసేపు శూన్యంలో ఆరబెట్టాలి. విడిగా వేడి చేసి ఉంచుకున్న ఓలియిక్ ఆమ్లం 2.5 మి.లీ., ఓలైలమీన్ 2.5 మి.లీ. అందులోకి ఎక్కించి, లెడ్ అయొడైడ్ పూర్తిగా కరిగే వరకు ఆగాలి. అడుగున పసుపు రేణువు ఒక్కటి మిగిలినా ముందుకు పోవద్దు. ఆ తర్వాత నైట్రోజన్ కింద 170 నుంచి 185 డిగ్రీల మధ్య మీరు ఎంచుకున్న ఉష్ణోగ్రతకు తీసుకువెళ్లి, వేడి సీజియం ఓలియేట్ 2 మి.లీ. ఒక్క ఊపులో లోపలికి పంపాలి. ద్రవం క్షణంలో ముదురు ఎరుపు తిరుగుతుంది. అయిదు సెకన్లు లెక్కపెట్టి ఫ్లాస్కును మంచునీటిలోకి దించాలి. ఉష్ణోగ్రత పెరిగితే స్ఫటికం పెద్దదవుతుంది, వెలుగు మరింత ముదురు ఎరుపు వైపు జరుగుతుంది. ప్రతిసారీ ఒకే ఫలితం రావాలంటే ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, సిరంజిని నొక్కే వేగమూ, దించే చేయీ ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. ఆ పనిని ఒక్కరే చేయాలి. ఇద్దరు చేతులు మారిస్తే ఫలితమూ మారుతుంది.

ఇక్కడ సీసం సీజియం కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ ఉందని గమనించే ఉంటారు. మిగిలిన సీసం, లిగాండ్లు ద్రావణంలోనే ఉంటాయి. వాటిని తీసేయడమే తర్వాతి పని, ఈ మొత్తం ప్రయత్నంలో అతి సున్నితమైన పని కూడా అదే.

కడగడం

సాధారణంగా నానోస్ఫటికాలను ఎసిటోన్‌తోనో మెథనాల్‌తోనో దించి కడుగుతారు. వాటిని ఇక్కడ వాడితే లిగాండ్లతోపాటు స్ఫటికపు అయాన్లు కూడా లేచిపోయి, ఎర్రని ద్రవం కళ్ల ముందే పసుపుపచ్చగా మారిపోతుంది. 2016 నాటి పనికి కీలకం మిథైల్ ఎసిటేట్: స్ఫటికాలను అడుగుకు దించేంత ధ్రువత దానికి ఉంది, వాటిని విడగొట్టేంత లేదు. చల్లారిన ద్రవాన్ని రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి సుమారు 35 మి.లీ. మిథైల్ ఎసిటేట్ కలిపి, నిమిషానికి 8000 చుట్ల వేగంతో అయిదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. అడుగున దిగినదాన్ని కొద్దిపాటి హెక్సేన్‌లో కరిగించి, అంతే పరిమాణంలో మిథైల్ ఎసిటేట్ కలిపి మరొక్కసారి రెండు నిమిషాలు తిప్పాలి. మూడోసారి కడగాలన్న ఆశ పుడుతుంది, వద్దు. మూడోసారికి ఉపరితలం బోసిపోయి, వెలుగు రాబడి సగానికి సగం పడిపోవడమూ, రెండు రోజుల్లో పసుపు తిరగడమూ నా చేతుల్లోనే జరిగింది.

కడిగిన స్ఫటికాలను హెక్సేన్‌లో 4 డిగ్రీల దగ్గర చీకట్లో రెండు రోజులు ఉంచితే, మిగిలిన సీజియం ఓలియేట్, లెడ్ ఓలియేట్ తెల్లగా అడుగున పేరుకుంటాయి. పైతేటను జాగ్రత్తగా వంచి, హెక్సేన్‌ను ఆరబెట్టి, పొరలు వేయడానికి మిల్లీలీటరుకు 50–75 మిల్లీగ్రాముల చొప్పున ఆక్టేన్‌లో కరిగించుకోవాలి. రెండు రోజులు ఆగలేక అదే రోజు పొర వేసినవారికి పొరలో మబ్బుమచ్చలు వస్తాయి.

ఇక్కడ మొదటి కొలత తీసుకోవాలి. ద్రావణాన్ని పలుచన చేసి అనుకలన గోళం (ఇంటిగ్రేటింగ్ స్ఫియర్)లో వెలుగు రాబడి కొలవండి, వర్ణపటంలో శిఖరం ఎక్కడుందో రాసుకోండి. శిఖరం 680–700 నానోమీటర్ల మధ్య సన్నగా, ఒకే కొమ్ముగా ఉండాలి. ద్రావణంలోనే వెలుగు మసకగా ఉంటే పరికరం దాకా వెళ్లి సమయం పాడుచేసుకోవద్దు, మళ్లీ పెంచండి. ఎక్స్‌రే వివర్తన సౌకర్యం ఉంటే, రాగి గొట్టంతో 14, 28 డిగ్రీల దగ్గర నల్లని రూపపు శిఖరాలు కనిపించాలి. 10 డిగ్రీల చుట్టుపక్కల కొత్త శిఖరం తలెత్తుతుంటే పసుపు రూపం మొదలైనట్టు.

పొరలు వేయడం

ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత గల గాజుపలకను సబ్బునీరు, ఎసిటోన్, ఐసోప్రొపనాల్‌తో వరుసగా అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, అతినీలలోహిత ఓజోన్‌లో పావుగంట ఉంచి, దానిపై 50 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్ పొర వేసి 450 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఎలక్ట్రాన్లు ఈ వైపు నుంచి వస్తాయి, పోతాయి.

నానోస్ఫటికాల పొర ఒక్క విడతలో వేసేది కాదు. పలకపై ద్రావణం వేసి నిమిషానికి 1000 చుట్ల వేగంతో 20 సెకన్లు, వెంటనే 2000 చుట్లతో 5 సెకన్లు తిప్పాలి. ఆరిన పొరను లెడ్ నైట్రేట్‌తో సంతృప్తమైన మిథైల్ ఎసిటేట్‌లో ఒక్క సెకను ముంచి, వెంటనే శుద్ధమైన మిథైల్ ఎసిటేట్‌లో ముంచి తీసి, పొడి గాలితో ఆరబెట్టాలి. పొడవైన ఓలియేట్ లిగాండ్లు పోయి చిన్న అణువులు ఆ చోటుకు వస్తాయి. స్ఫటికాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. పై పొర వేసినప్పుడు కింది పొర ఆక్టేన్‌లో కరగకుండా నిలుస్తుంది. గోడకు సున్నం కొట్టినట్టు, ఒక పూత ఆరాక మరో పూత. ఇలా మూడు నుంచి అయిదు సార్లు వేయాలి. సౌరఘటం మాత్రమే కావాలంటే అయిదు. రెండు పనులూ కావాలంటే మూడు లేదా నాలుగు పూతల దగ్గర ఆగడం నా సలహా. కరెంటు కొంత తగ్గినా దీపం గణనీయంగా మెరుగుపడుతుంది.

తేమ గురించి ఇక్కడ విడిగా చెప్పాలి. ఈ మార్పిడి జరగడానికి మిథైల్ ఎసిటేట్ కొద్దిగా నీటితో చర్య జరిపి ఎసిటిక్ ఆమ్లాన్ని ఇవ్వాలి, ఆ ఎసిటేటే ఓలియేట్ స్థానంలో కూర్చుంటుంది. 2018లో ఈ సంగతి బయటపడే వరకు, పూర్తిగా పొడిగా ఉన్న గ్లవ్‌బాక్సులో (బయటి గాలి చొరని, చేతితొడుగులు బిగించిన పెట్టెలో) పొరలు వేసినవారికి సరైన ఫలితం ఎందుకు రావడం లేదో అంతుచిక్కలేదు. కాని నీరు ఎక్కువైతే అదే నల్లని రూపాన్ని పసుపులోకి నెట్టే ఉత్ప్రేరకం అవుతుంది. కొంచెం తేమ కావాలి, ఎక్కువ పనికిరాదు. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నం బల్ల మీద చేసినా చక్కగా వచ్చిన పొర, ఆగస్టు ముసురులో గంటలో పసుపుపచ్చగా మారడం నాకు అనుభవం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఏడాది పొడవునా ఈ బాధ ఉంటుంది. సాపేక్ష ఆర్ద్రత 20 శాతానికి అటూఇటూగా నిలిపే పొడిగాలి పెట్టె ఏర్పాటు చేసుకోండి. ప్రతి రోజూ ఆర్ద్రతను నోటుపుస్తకంలో రాయండి. ఆరు నెలల తర్వాత మీ ఫలితాల హెచ్చుతగ్గుల్లో సగానికి కారణం ఆ గళ్లలోనే కనిపిస్తుంది.

చివరి పూత తర్వాత ఫార్మమిడీనియం అయొడైడ్‌ను ఇథైల్ ఎసిటేట్‌లో కలిపి, ఆ ద్రావణంలో పొరను పది సెకన్లు ముంచాలి. మిగిలిన ఓలైలమ్మోనియం పోయి, స్ఫటికాల మధ్య ఆవేశాల ప్రయాణం సులువవుతుంది. పది సెకన్లు అంటే పదే. ఎక్కువసేపు ఉంచితే ఫార్మమిడీనియం స్ఫటికంలోకే దూరి, వెలుగు శిఖరం ఎరుపు నుంచి పరారుణం వైపు జరగడం మొదలవుతుంది.

దానిపై రంధ్రాలను మోసే స్పైరో-ఒమెటాడ్ పొర వేయాలి. ఒక మి.లీ. క్లోరోబెంజీన్‌కు 72.2 మిల్లీగ్రాముల స్పైరో, 28.8 మైక్రోలీటర్ల టెర్ట్-బ్యుటైల్ పిరిడీన్, ఎసిటోనైట్రైల్‌లో కరిగించిన లిథియం లవణం 17.5 మైక్రోలీటర్లు అన్నది చాలా ప్రయోగశాలల్లో స్థిరపడిన పాళ్లు. చివరగా శూన్యంలో 15 నానోమీటర్ల మాలిబ్డినం ఆక్సైడ్, 200 నానోమీటర్ల అల్యూమినియం పూయాలి. లోహాన్ని తొందరపడి వేగంగా పూస్తే వేడికి కింది పొర దెబ్బతింటుంది.

మజిలీ మజిలీకి వెలుగు లెక్క

ఇప్పుడు మొదట్లో చెప్పిన సూత్రానికి వస్తాను. పరికరంతోపాటు మరో మూడు పలకలు చేయండి: వట్టి గాజు మీద స్ఫటికాల పొర ఒకటి, టైటానియం డయాక్సైడ్ మీద పొర ఒకటి, దానిపై స్పైరో కూడా వేసినది ఒకటి. అన్నిటికీ ఒకే తీవ్రతలో కాంతి పంపి వెలుగు రాబడి కొలవండి. మొదటి పలకలోనే రాబడి ద్రావణం కంటే పదింతలు పడిపోతే తప్పు లిగాండ్ మార్పిడిలో ఉంది. ముంచే సమయం తగ్గించండి, లెడ్ నైట్రేట్ కొత్తగా కలపండి. మొదటిది బాగుండి రెండోది మసకబారితే టైటానియం డయాక్సైడ్ ఉపరితలంలో లోపాలున్నాయి. మూడోదానిలో పడిపోతే చిక్కు స్పైరో వైపు ఉంది. ప్రతి పదింతల పతనానికి 60 మిల్లీవోల్టులు అని పక్కన రాసుకుంటే, పరికరాన్ని బిగించక ముందే దాని వోల్టేజీ ఎంత రాబోతోందో అంచనా దొరుకుతుంది. ఎక్కడ మరమ్మతు చేస్తే ఎంత లాభమో కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఆవేశాలను మోసే పొర తగలగానే వెలుగు తగ్గితే, ఆవేశాలు చక్కగా బయటికి పోతున్నాయనడానికి అది సాక్ష్యమని అనేక పత్రాల్లో రాస్తుంటారు. తీగ కలపని పలకలో ఆవేశాలు ఎక్కడికీ పోవడం లేదు. నిలకడగా కాంతి పడుతున్నప్పుడు వెలుగు తగ్గిందంటే చాలా సందర్భాల్లో అవి ఆ హద్దు దగ్గర వేడిగా అంతరిస్తున్నాయనే అర్థం. దానిని మెచ్చుకోకూడదు, సరిచేయాలి.

పరికరాన్ని రెండు వైపులా నడపడం

మొదట సౌరఘటంగా పరీక్షించండి, తర్వాతే దీపంగా. దీపంగా నడిపినప్పుడు ఎక్కువ విద్యుత్ క్షేత్రానికి అయొడైడ్ అయాన్లు చోటు మారతాయి, ఆ తర్వాత సౌరఘటపు కొలతలు నమ్మదగినవిగా ఉండవు. సౌర అనుకారిని (ఎండను పోలిన కాంతినిచ్చే దీపాన్ని) చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లకు సరిచూసుకుని, ఎంత వైశాల్యం మీద కాంతి పడుతోందో తేల్చే లోహపు ముసుగు పెట్టి, వోల్టేజీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండు దిశల్లోనూ మార్చి కొలవండి. రెండు గీతలూ ఒకదానిపై ఒకటి కూర్చోకపోతే, గరిష్ఠ శక్తి బిందువు దగ్గర కొన్ని నిమిషాలు నిలిపి వచ్చే సామర్థ్యాన్నే ప్రకటించండి. పోల్చుకోవడానికి 2016 నాటి పరికరం లెక్క ఇది: చదరపు సెంటీమీటరుకు 13.47 మిల్లీఆంపియర్లు, 1.23 వోల్టులు, 0.65 ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ శక్తికీ, గరిష్ఠ వోల్టేజీ-కరెంటుల లబ్ధానికీ ఉన్న నిష్పత్తి).

దీపంగా నడిపేటప్పుడు తీగలను తిప్పి కలపాలేమోనని కొత్తవారు తికమకపడతారు. అవసరం లేదు. సౌరఘటంగా ఉన్నప్పుడు పై అల్యూమినియం ధన ధ్రువం. దీపానికి కూడా బయటి విద్యుత్తు ధన ధ్రువాన్ని దానికే కలపాలి. వోల్టేజీ గుర్తు మారదు, కరెంటు దిశ మాత్రమే మారుతుంది. ఎండలో ఆ తీగ నుంచి బయటికి వచ్చిన కరెంటు, చీకట్లో అదే తీగ నుంచి లోపలికి పోతుంది. తప్పు దిశలో అయిదారు వోల్టులు పెడితే పరికరం పాడవుతుంది. చీకటి గదిలో 1.5 వోల్టుల నుంచి మెల్లగా పెంచుతూ పోతే, శక్తి అంతరానికి దగ్గరి వోల్టేజీలో మొదటి ఎరుపు కనిపిస్తుంది.

ఆ ఎరుపు కంటికి చాలా మసకగా ఉంటే నిరాశపడవద్దు. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చకు అత్యంత చురుకు. 690 నానోమీటర్ల దగ్గర దాని చురుకుదనం అందులో వందో వంతు కూడా ఉండదు. అందువల్ల ఈ దీపాన్ని క్యాండెలాల్లో కొలిచి బ్రోమైడ్ దీపంతో పోల్చడం న్యాయం కాదు. విడుదలైన శక్తిని వాట్లలో కొలవండి. అన్నిటికంటే ముఖ్యమైన కొలత మరోటి ఉంది: ఎండలో మీ ఘటం ఎంత కరెంటు ఇచ్చిందో సరిగ్గా అంతే కరెంటును చీకట్లో లోపలికి పంపి, ఎన్ని ఎలక్ట్రాన్లకు ఎన్ని కాంతికణాలు బయటికి వచ్చాయో లెక్కించండి. ఆ ఒక్క సంఖ్య, 60 మిల్లీవోల్టుల నియమం ద్వారా, మీ ఘటపు వోల్టేజీ నష్టాన్ని నేరుగా చెబుతుంది. పలకలపై కొలిచిన లెక్కతో ఇది సరిపోలితే మీ పని సవ్యంగా సాగినట్టు. సరిపోలకపోతే లోహం వేసినప్పుడో, అంచుల దగ్గరో, లీకేజీ దారుల్లోనో ఏదో జరిగింది. మళ్లీ అక్కడ వెతకాలి.

పగలు పట్టిన ఎండతో రాత్రి అదే పలకను వెలిగించి చూపాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ఇక్కడ లెక్క మరచిపోకూడదు. ఎండలో పనిచేసేటప్పుడు ఒక్క ఘటం ఇచ్చేది ఒక వోల్టు పరిసరాల్లోనే. బాగా వెలగడానికి కావలసింది రెండు వోల్టులు. కాబట్టి నేరుగా కెపాసిటర్‌కు కలిపి వెనక్కి తిప్పితే వెలగదు. మూడు ఘటాలను వరుసగా కలిపి కెపాసిటర్‌ను నింపి, ఒక్కదాన్నే వెలిగించవచ్చు, లేదా వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూటు మధ్యలో పెట్టవచ్చు. 0.1 చదరపు సెంటీమీటరు, 10% సామర్థ్యం గల ఘటం నిండు ఎండలో ఒక మిల్లీవాట్ ఇస్తుంది. అయిదు గంటలకు 5 మిల్లీవాట్-గంటలు. అదే ఘటాన్ని 2 వోల్టులు, ఒక మిల్లీఆంపియర్‌తో వెలిగిస్తే 2 మిల్లీవాట్లు ఖర్చు. సర్క్యూటు నష్టాలు పోను రెండు గంటల వెలుగు. చిన్నదే అయినా, లెక్క తేలే వెలుగు. కాంతిని గుర్తించడం, వెలగడం ఒకే బిందువులో చేసే పెరోవ్‌స్కైట్ తెరను స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో ఫెంగ్ గావ్ బృందం 2024లో చూపింది. వేలిముద్రను, చుట్టుపక్కల వెలుతురును తెరే గ్రహించగలగడం వెనుక ఉన్నది కూడా ఈ రెండు దిశల గుణమే.

సీసం గురించి

లెడ్ అయొడైడ్ పొడిని ఫ్యూమ్‌హుడ్‌లోనే తూచాలి, నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి, తొడుగులతో తలుపు పిడిని, ఫోనును తాకకూడదు. గర్భిణులైన సహోద్యోగులను ఈ బల్ల దగ్గర పని చేయనివ్వకూడదు. కడిగిన మిథైల్ ఎసిటేట్‌లో కరిగిన సీసం ఉంటుంది. దానిని సింకులో పోయడం నేరం అనుకోండి. ద్రవ వ్యర్థాలను, మరక అంటిన తొడుగులను, విరిగిన పలకలను విడివిడిగా, సీసం అని తెలుగులోనూ రాసిన చీటీ అంటించిన డబ్బాలలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. ప్రయోగశాల శుభ్రం చేసేవారు ఇంగ్లీషు చీటీ చదవలేకపోవచ్చు. వారి ఆరోగ్యం కూడా మన బాధ్యతే. హెక్సేన్, మిథైల్ ఎసిటేట్ రెండూ చప్పున అంటుకుంటాయి కనుక 185 డిగ్రీల హీటింగ్ మాంటిల్ ఉన్న బల్లపై కడిగే పని పెట్టుకోవద్దు. పూర్తయిన పరికరాన్ని గ్లవ్‌బాక్సులో అతినీలలోహిత కాంతికి గట్టిపడే ఎపాక్సీతో గాజుమూత అంటించి మూయండి. తేమ లోపలికి పోకుండా, పలక పగిలితే సీసం వెంటనే బయటికి రాకుండా ఆ మూత రెండిందాలా కాపాడుతుంది.